నీసు

శనివారం పొద్దున్నే
ఫిషింగ్ హార్బరు నుంచి ఆటోలో దిగింది ఆ కంప్యూటరు,
పాత దుప్పట్లో, బాలింతను తెచ్చినట్టు.
మోసుకొచ్చినతను ఎల్లాజీ, ఐసు ఫ్యాక్టరీ గుమస్తా.
"ముప్పై ఏళ్ళయింది ఇది నోరిప్పి.
ఓపాలి చూడమ్మా."

డాబాగార్డెన్సు సందులో నా కొట్టు
మంచం వాల్చితే నిండిపోయేంత.
కంచరపాలెం ఐటీఐలో నాతో చదివినవాళ్ళు
మోటార్లు చుడుతున్నారు, ఓడల్లో వైర్లు లాగుతున్నారు.
నా బల్ల మీదకి ఇవే వస్తాయి.
తూకానికి వేసేద్దామని బయల్దేరి
ఎందుకో గుమ్మంలో ఆగినవి.

మూత తీశాను.
పైకి పాపం, ఏమీ ఎరగనట్టే ఉంది.
భూతద్దం పెట్టుకుని పక్కకి ఒరగబెడితే
వెండిరంగు చిట్టి పీపాల చుట్టూ
జిడ్డు మెరుపు.
కెపాసిటర్లు కారాయి.
ఒక్కరోజులో కాదు,
ఎండుచేపల బుట్ట అడుగున
ఉప్పునీరు ఊరినట్టు, ఊరి ఊరి.
రాగి దారుల మీద పచ్చగా చిలుము.

ఈ ఊళ్ళో దేనికి పట్టదు చిలుము?
కిటికీ ఊచలు, తాళం కప్పలు,
మొన్న కొన్న సైకిలు చువ్వలు,
అన్నిటినీ సముద్రం బయటినుంచి తింటుంది.
ఇది మాత్రం లోపలి ఉప్పు.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది.
మొదటి కాలికి మొన తగిలిందో లేదో
గుప్పుమంది నీసు.
ఉపమానం కాదు, నిజంగానే చేపల కంపు.
లోపలి రసం గుణమే అంత,
వేడి తగిలితే
నిన్నటి కానాగంతలు గుర్తుచేస్తుంది.
గుగ్గిలం పొగ దానికి ఎదురెళ్ళింది.
గుడీ రేవూ ఒకే గదిలో తగువాడుకున్నాయి.
పక్క టీకొట్టు పిల్లి
బల్ల కింద కాళ్ళు చాపుకుని కూర్చుంది, వాటాకి.
ఎల్లాజీ మాత్రం కదల్లేదు:
"వాసనా? నాకేటీ తెలీడం లేదే."

పదకొండు పీపాలు.
తొందరపడితే రాగి పొర కూడా లేచి వస్తుంది,
పుండు మీద పక్కు పీకినట్టు.
ఏడోది అలాగే లేచింది.
ఛ, అనుకున్నాను, అతనికి వినపడకుండా.
మల్టీమీటరు ముల్లులు రెండూ ఆనించి
కూత కోసం చెవి పెట్టాను.
కూయలేదు.
ఫోను తీగలోంచి ఒక్క పోగు లాగి
వెంట్రుకంత వంతెన వేశాను.
అప్పుడు కూసింది.

టూత్‌బ్రష్షుతో వెనిగరు, ఆపైన స్పిరిట్టు,
ఆపైన గంటసేపు ఎండ.
కొత్తవి పెట్టేటప్పుడు మాట్లాడను.
నలభై ఏడు మైక్రోఫారడ్లు, పదహారు వోల్టులు,
నల్లచార ఎటువైపో
ఒకటికి మూడుసార్లు.
తిరగేసి పెట్టామా,
టపాకాయే.

లైట్‌హౌసు వెలిగే వేళకి స్విచ్చి వేశాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత గొంతు సవరించుకున్నట్టు డిస్కు గరగర.
తర్వాత, తేదీ అడిగింది.
దానికి తోచిన తేదీ
పంతొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటి.
ఎల్లాజీ నావైపు చూశాడు.
"ఈరోజుదే కొట్టండి," అన్నాను.
"నమ్ముతాదా?"

నమ్మింది.
ఆకుపచ్చ అక్షరాల్లో లిస్టు ఒకటి పైకి పాకింది.
పడవ పేరు, ఐసు దిమ్మలు, బాకీ.
పైడితల్లి, నలభై రెండు.
సత్తెమ్మతల్లి, పద్దెనిమిది.
బంగారమ్మ, నూట ఆరు.
ఒక్కో వరస మీదా వేలు పెడుతూ చదివాడు:
"ఇది ఇరిగిపోనాది.
ఇది పారాదీప్ వోళ్ళకి అమ్మీసినారు.
ఇది..."
అక్కడ వేలు కొంచెంసేపు ఆగి
కింది వరసకి దిగింది.

"మరి వసూలు?" అన్నాను, ఊరికే.
"ఐసు బాకీ కదమ్మా," అన్నాడు,
"అదెప్పుడో కరిగిపోనాది."

ఇంటికెళ్ళి సబ్బుతో, సున్నిపిండితో, నిమ్మచెక్కతో
చేతులు తోముకున్నాను.
అత్తయ్య ముక్కు ఎగబీల్చింది:
"శనివారం పూట నీసేటే?"

ఏమని చెప్పను?
పాత పీపాలు పదకొండూ
నా బ్యాగులో, కాగితం పొట్లంలో,
ఇంకా కారుతూ.